కొత్త టైర్లు ముందుకా, వెనక్కా?

ప్రశ్న: మాది పెందుర్తి. ఆనందపురం దగ్గర స్కూల్లో టీచరుగా చేస్తున్నాను. మావారిది షిప్పు మీద ఉద్యోగం, ఆరేడు నెలలకోసారి ఇంటికొస్తారు. రోజూ బస్సులు మారలేక పోయిన నెల 2018 మోడల్ స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోలు బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మీటరు మీద 41 వేల కిలోమీటర్లుంది. మొదటి ఓనరు చినవాల్తేరులో, బీచ్‌కి దగ్గర్లో ఉండేవారట. కొన్నప్పుడు టైర్లు నల్లగా నిగనిగలాడాయి. మొదటి వానకే ఆ పాలిష్ పోయింది. ఇప్పుడు చూస్తే ముందు టైర్లు లోపలి వైపు బాగా అరిగి ఉన్నాయి. వెనకవి నిండుగానే ఉన్నాయి గానీ పక్కన సన్నని పగుళ్లు. టైరు షాపులో ముందు రెండూ మార్చేస్తే చాలు, వెనకవి ఇంకో రెండేళ్లు వస్తాయన్నారు. ఒక్కోటి 4,800 చెప్పారు. మా మరిదిదీ అదే మాట. నాకెందుకో మనసొప్పలేదు. ఇంకేదో అడగబోతే, "మీకెందుకు మేడమ్, మేం చూసుకుంటాం" అన్నారు. నా చేతిలో ఇప్పుడు 12 వేలే ఉన్నాయి. దసరా సెలవుల్లో అత్తగారినీ పిల్లల్నీ అరకు తీసుకెళ్దామనుకుంటున్నాను. ఏం చెయ్యమంటారు? టైర్ల మీది అంకెలూ, అగ్గిపుల్లతో కొలిచిన లోతులూ రాసి పంపుతున్నాను.

టీచరు గారూ, నమస్తే.

అగ్గిపుల్ల గాడిలో పెట్టి, గోటితో గుర్తు పట్టి, స్కేలు మీద కొలిచి పంపారు చూశారా, అది చాలామంది చెయ్యని పని. అరచేత్తో ఓసారి తడిమి "బాగానే ఉంది" అనేస్తారు. మీ లెక్క ఇక్కడ మళ్లీ రాస్తాను, మిగతా పాఠకులకీ తెలియాలి కదా. ముందు టైర్లు రెండింటి మీదా 3521. లోపలి గాడి లోతు రెండున్నర మిల్లీమీటర్లు, బయటి గాడి అయిదు. వెనక టైర్లు రెండింటి మీదా 1418. గాడులన్నీ సమంగా అయిదున్నర. స్టెప్నీ మీద 1218, అది నేల మీద తిరిగిన జాడే లేదు.

అందరూ ముందు టైర్లు మార్చమంటున్నారు. నేను మాత్రం మొదట వెనకవి మార్చమంటాను. ముందువి దసరా లోపు. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి. ఎందుకంటే రేపు షాపులో నిలబడి ఈ మాట మీరే అనాలి, అక్కడ నలుగురూ కాదంటారు.

టైరు పక్కన డి, ఓ, టి అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరుస ఒకటి ఉంటుంది. దాని చివరి నాలుగంకెలే టైరు పుట్టినరోజు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1418 అంటే 2018లో 14వ వారం, అంటే ఏప్రిల్ మొదట్లో తయారైందన్నమాట. 3521 అంటే 2021లో 35వ వారం, ఆగస్టు ఆఖరు. కొన్ని టైర్లకి ఈ పూర్తి వరుస ఒక పక్కే ఉంటుంది. ఆ పక్క లోపలికి వెళ్లిపోతే బయటి నుంచి కనపడదు. మీరు వంగి, సెల్ లైటు వేసి చదివారని ఉత్తరంలోనే తెలుస్తోంది.

ఇప్పుడు ఈ అంకెల్ని కలిపి చదవండి. వెనక టైర్లూ స్టెప్నీ బండితో పాటు షోరూమ్ నుంచి వచ్చినవి. వాటికి ఎనిమిదేళ్లు నిండాయి. ముందువి 2021 తర్వాత మార్చారు. ఎనిమిదేళ్లలో 41 వేలంటే ఏడాదికి అయిదు వేల చిల్లర. అంటే ఆ బండి తిరిగిన రోజులకన్నా నిలబడ్డ రోజులే ఎక్కువ. అపార్ట్‌మెంట్ కింద, సముద్రపు గాలిలో, సగం ఎండలో. టైరుకి తిరగడం కన్నా నిలబడటమే ఒక రకంగా చేటు. రబ్బరులో ఎండనీ, గాలిలోని ఓజోన్‌నీ తట్టుకోవడానికి ఒక రకం మైనం కలుపుతారు. టైరు దొర్లుతూ నలుగుతుంటేనే ఆ మైనం లోపల్నుంచి పైకి చేరి పొరలా కప్పుతుంది. నెలల తరబడి కదలని టైరుకి ఆ పొర ఆరిపోతుంది, రబ్బరు గట్టిపడుతుంది, పగుళ్లు మొదలవుతాయి. మీరు చూసిన సన్నని గీతలు అవే. గాడులు ఎంత నిండుగా ఉన్నా, గట్టిపడిన రబ్బరు తడి రోడ్డుని పట్టుకోదు. లోపలి దారాలకీ ఉక్కు తీగలకీ అంటుకున్న రబ్బరు కూడా అదే వయసుది. వేగం మీద వేడెక్కినప్పుడు విడిపోయేది అక్కడే.

చాలా టైరు కంపెనీలు అయిదేళ్లు దాటిన టైర్లని ఏటా తెలిసినవాళ్లకి చూపించుకోమంటాయి. పదేళ్లు దాటితే గాడి లోతుతో పనిలేకుండా తీసెయ్యమంటాయి. మీవి పదికి చేరలేదు గానీ, పగుళ్లు కళ్లకి కనిపిస్తున్నాయి. ఓ పని చెయ్యండి. వెనక చక్రం దగ్గర కూర్చుని, టైరు నేలని తాకే చోట, బరువుకి కొంచెం ఉబ్బుగా కనిపించే భాగంలో బొటనవేలి గోరు పగులుకి అడ్డంగా లాగండి. గోరు జారిపోతే పైపైన గీత. గోరు తట్టుకుని ఆగితే లోతైన పగులు. గాడుల అడుగున కూడా చూడండి. అక్కడ కూడా పగుళ్లుంటే ఇక రెండో ఆలోచన అక్కర్లేదు. నా మటుకు ఎనిమిదేళ్ల వయసూ, పక్కన పగుళ్లూ, పైన అనకాపల్లి–ఆనందపురం బైపాస్ మీద రోజూ ప్రయాణం, ఈ మూడూ కలిసిన చోట ఇంకో రెండేళ్లు వస్తాయనే మాట నేను ఒప్పుకోను.

"సరే, కొత్తవి కొనండి, కానీ వాటిని ముందు వేసి, ముందువి వెనక్కి పంపొచ్చు కదా" అంటారు షాపువాళ్లు. నూటికి తొంభై మంది అలాగే చేస్తారు. ఇంజను ముందుంది, తిప్పేదీ తోసేదీ ముందు చక్రాలే, బ్రేకు బరువూ ముందే పడుతుంది, కాబట్టి మంచివి ముందుండాలని వాళ్ల వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. తడి రోడ్డు మీద మాత్రం అది తిరగబడుతుంది.

వాన పడుతుండగా బైపాస్ మీద ఒక వంపు ఊహించుకోండి. నీళ్లు సన్నటి పొరలా నిలిచాయి. ముందు టైర్లు పట్టు వదిలితే బండి వంపు తిరగకుండా తిన్నగా పోతుంది. భయం వేస్తుంది, మీ కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద నుంచి లేస్తుంది. వేగం తగ్గుతుంది, ముందు చక్రాల మీదకి బరువొస్తుంది, పట్టు మళ్లీ దొరుకుతుంది. అంటే భయంలో మనిషి చేసే పనే బండిని కాపాడుతుంది. వెనక టైర్లు పట్టు వదిలితే అలా కాదు. బండి వెనకభాగం పక్కకి ఈడ్చుకుపోతుంది, బొంగరంలా తిరుగుతుంది. భయంతో కాలు తీసినా, బ్రేకు తొక్కినా వెనక ఉన్న బరువు ఇంకా ముందుకి పోయి మరింత తిరుగుతుంది. దాన్ని పట్టి నిలపడం ఎంతో అలవాటున్న డ్రైవర్లకే కష్టం. మీరొక్కరే ఉన్నప్పుడు స్విఫ్ట్ లాంటి బండి వెనక ఎంత తేలికో మీకూ తెలుసు. అందుకే ముందు చక్రాలతో నడిచే బండైనా, వెనక చక్రాలతో నడిచేదైనా, రెండే కొత్త టైర్లు కొంటే వెనకే వెయ్యమని టైరు కంపెనీలే చెబుతాయి.

కాబట్టి షాపులో ఒక్క వాక్యం చాలు: "కొత్తవి రెండూ వెనకే వెయ్యండి." ఎందుకని అడిగితే "వానకి" అనండి. అంతకన్నా వాదన అక్కర్లేదు.

ఇక ముందు టైర్ల సంగతి. నన్నడిగితే మీ ఉత్తరంలో అసలు విషయం ఇదే.

పాత టైరు పారేసే వస్తువు కాదు, ముందు చదవాల్సిన వస్తువు. సెకండ్ హ్యాండ్ బండికి అంతకన్నా నిజం చెప్పే సాక్షి దొరకదు. అమ్మినాయన మాట మార్చొచ్చు, మెకానిక్ మొహమాటపడొచ్చు, టైరు దాచలేదు. మధ్యలో మాత్రమే అరిగితే ఏళ్ల తరబడి గాలి ఎక్కువ పట్టించారు. రెండంచులూ అరిగి మధ్య నిండుగా ఉంటే గాలి తక్కువతో నడిపారు. టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు గుంటలుగా తిని ఉంటే షాక్ అబ్జార్బర్ అయిపోయింది, లేదా చక్రం చుట్టూ బరువు సమానం చేసే బ్యాలెన్సింగ్ లేదు. ఒక్కచోట మాత్రం పలకలా నున్నగా ఉంటే బ్రేకు బిగదీసి జారిన గుర్తు. మీ ముందు టైర్లలా లోపలి అంచు మాత్రమే అరిగితే, చక్రం రోడ్డు మీద నిటారుగానో తిన్నగానో నిలబడటం లేదు.

ఏది కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చెబుతాను. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి బండి ఆపండి, ముందు టైరు బయటికి కనిపిస్తుంది. ఒట్టి అరచేయి టైరు మీద అడ్డంగా పెట్టి బయటి నుంచి లోపలికి మెల్లగా లాగండి, తర్వాత లోపలి నుంచి బయటికి. తీగలేమైనా పొడుచుకొచ్చాయేమో ముందే చూసుకోండి, చెయ్యి కోసుకుంటుంది. ఒక దిశలో పట్టుగుడ్డలా జారి, రెండో దిశలో రంపం పళ్లలా గుచ్చుకుంటే, టో తప్పింది. అంటే రెండు ముందు చక్రాలూ ఒకే దిక్కుకి చూడకుండా, నడిచేటప్పుడు పాదాలు ఎడంగా పెట్టినట్టో లోపలికి పెట్టినట్టో తిరుగుతున్నాయి. చక్రాల దిశ సరిచేసే అలైన్‌మెంట్‌తో సరిపోతుంది. రెండు దిశల్లోనూ నున్నగానే ఉండి లోపలి అంచు మాత్రం అరిగిపోతే, చక్రం పైభాగం లోపలికి వాలుతోందని అనుమానించాలి. దాన్ని క్యాంబర్ అంటారు. మీ బండి లాంటి వాటిలో అలైన్‌మెంట్ మిషను మీద మామూలుగా సరిచేసేది టో ఒక్కటే. క్యాంబర్ తప్పిందంటే ఏదో భాగం అరిగింది, లేదా వంగింది. చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్‌కి ఉండే రబ్బరు బుష్షులు కావచ్చు, దాని చివర కీలులాంటి బాల్ జాయింట్ కావచ్చు, షాక్ అబ్జార్బర్ ఉండే స్ట్రట్ కావచ్చు. వంగితే ఎందుకు వంగింది అన్నది మళ్లీ పెద్ద ప్రశ్న. గుంతలో గట్టిగా పడిందా, ఎక్కడైనా గుద్దుకుందా?

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నేను మొదటిసారి పాత కారు కొన్నప్పుడు ఆ వారమే నాలుగు కొత్త టైర్లు వేయించాను. ఇంట్లో అందరం దిష్టి తీసి నిమ్మకాయలు తొక్కించాం. అరిగిన పాత టైర్లని కన్నెత్తి చూడకుండా షాపులోనే వదిలేశాను. ఆరు వేల కిలోమీటర్లు తిరిగేసరికి కొత్త టైర్లు ముందు రెండూ లోపలి అంచున గుండు అయిపోయాయి. కంచరపాలెంలో ఒక మెకానిక్ బండి పైకెత్తి, ఇనుప కడ్డీతో లోయర్ ఆర్మ్ కదిపి చూపించాడు. బుష్షు రబ్బరు రెండు ముక్కలై వేలాడుతోంది. "సార్, ఇది ఆ పాత టైర్ల మీదే రాసుంటది కదా, మీరు చూళ్లేదా" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ గుర్తు. టైర్లకి పెట్టిన డబ్బులో సగం మట్టిలో కలిసింది.

అందుకే మీ 12 వేలు ఏ వరుసలో ఖర్చు పెట్టాలో చెబుతాను. మొదటి ఖర్చు టైర్లకి కాదు. నమ్మకమైన మెకానిక్ దగ్గర బండి లిఫ్టు మీద పెట్టించి, ముందు చక్రాల కింద భాగాలు చూపించండి. మీరు పక్కనే ఉండండి. చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపితే వదులు కనిపిస్తే, స్టీరింగుని చక్రాలకి కలిపే టై రాడ్ చివర్లు చూడాలి. పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలితే బాల్ జాయింటో, బేరింగో. ఇది పది నిమిషాల పని. బుష్షులు పోయాయంటే అవి మార్చాకే అలైన్‌మెంట్. ముందే చేయిస్తే దండగ. అలైన్‌మెంట్ చేసినప్పుడు ముందు రీడింగూ, తర్వాత రీడింగూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. ముందు రీడింగు లేని కాగితం ఇస్తే ఏం సరిచేశారో మీకెప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే వెనక టైర్లు. రెండింటికి 9,600 అవుతుంది. మిగిలిన దానిలో అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, వాల్వులు సర్దుకోవచ్చు. మెకానిక్ దగ్గర పెద్ద ఖర్చు తేలితే టైర్లు ఒక వారం ఆగినా ఫరవాలేదు. ఆ వారం బస్సెక్కండి. చెప్పడం తేలికని తెలుసు, అయినా చెబుతున్నాను.

ముందు టైర్ల లోపలి గాడి రెండున్నర అన్నారు. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న అడ్డకట్టల్లాంటివి ఉంటాయి, చూసే ఉంటారు. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు ఆ కట్టలతో సమం అయిందంటే దాని ఆయుష్షు తీరింది. మీకింకా ఓ మిల్లీమీటరు చేరువలో ఉంది. దాన్ని ఈ రెండు నెలలకి సాగదీసే ఉపాయం ఒకటి. టైరు మీద బాణం గుర్తు గానీ, బయటి వైపు అని ఇంగ్లిష్‌లో రాసిన అచ్చు గానీ లేకపోతే, టైరుని రిమ్ము నుంచి ఊడదీసి తిప్పి వెయ్యమనండి. అరిగిన లోపలి అంచు బయటికొస్తుంది. రోజూ కంటికి కనిపిస్తుంది కూడా. తర్వాత బ్యాలెన్సింగ్ మళ్లీ చెయ్యాలి. ఇలా చేసినా వానలో బైపాస్ మీద 60 దాటకండి. కొత్త టైరుకి గాడి ఏడెనిమిది మిల్లీమీటర్లుంటుంది. ఆ గాడులే నీళ్లని పక్కకి తోసేది. మీకున్నది అందులో మూడో వంతు.

కొనేటప్పుడు సంగతులు. మీ బండి డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద స్టికరు ఉంటుంది. దాని మీదున్న సైజే కొనండి. మీ మోడల్‌కి 165/80 ఆర్ 14 అయి ఉండాలి. టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, అందులో 80 శాతం పక్క ఎత్తు, రిమ్ము 14 అంగుళాలు. దాని పక్కన 85 టి అని ఉంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, గంటకి 190 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుంది. ఆ అంకె తగ్గకూడదు. "ఇంకొంచెం వెడల్పుది వేస్తే లుక్ వస్తది మేడమ్" అంటారు. వద్దు. పై మోడల్‌కి 185/65 ఆర్ 15 వస్తుంది కదా అంటారేమో. నిజమే, దాని మొత్తం ఎత్తు కూడా మీ టైరుతో దాదాపు సమానమే. కానీ దానికి 15 అంగుళాల రిమ్ములు కావాలి. ఆ డబ్బుతో మీకు ముందు టైర్లు వస్తాయి.

టైరు లోపలి నుంచి తెచ్చి చూపించగానే ధర కన్నా ముందు తేదీ చదవండి. ఆరు నెలల లోపుదైతే మంచిది. ఏడాది లోపుదైనా నీడలో ఉంచిందైతే తీసుకోవచ్చు. అంతకన్నా పాతదైతే "ఇంకోటి చూపించండి" అనండి. రెండింటి మీదా ఒకే కంపెనీ, ఒకే రకం, దగ్గర తేదీలు ఉండాలి. ఐఎస్ఐ గుర్తు చూడండి, కారు టైర్లకి దాని పక్కన ఐఎస్ 15633 అని ఉంటుంది. జీఎస్టీ బిల్లు మీద టైరు నంబర్లు రాయించుకోండి, వారంటీకి అవే ఆధారం. ఇంకో విషయం, 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మీకు చెప్పిన 4,800 అది కలిపిన ధరో కాదో అడగండి. కంపెనీ పేరు చెప్పమని మీరు అడగలేదు, నేనూ చెప్పను. పేరున్న కంపెనీల్లో మీ సైజు టైరు ఏదైనా మీ ప్రయాణానికి సరిపోతుంది. నాలుగు నెలల కిందటి మామూలు టైరు, రెండేళ్ల కిందటి ఖరీదైన టైరు కన్నా మేలు.

అచ్యుతాపురంలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది, అక్కడ చవగ్గా దొరుకుతాయట కదా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. అక్కడ ముఖ్యంగా చేసేవి ట్రాక్టర్లకీ పెద్ద యంత్రాలకీ వేసేవి.

సగం ధరకి సెకండ్ హ్యాండ్ టైర్లు చూపిస్తారు. దయచేసి ఆ వైపు చూడకండి. అరిగిన టైరుకి వేడి బ్లేడుతో గాడులు కొత్తగా కోసి, నల్ల పాలిష్ కొట్టి అమ్మేవాళ్లున్నారు. గాడి అడుగున ఆ చిన్న అడ్డకట్టలు కనిపించకపోతే కోసిన టైరని అర్థం. అంత లోతుగా కోస్తే కింద ఉన్న ఉక్కు తీగల మీద రబ్బరు పొర ఎంత మిగులుతుంది చెప్పండి?

బిగించేటప్పుడు షాపు లోపలికి రావొద్దన్నా, కనిపించేంత దూరంలో నిలబడండి. మీ బండి బీచ్ గాలి పీల్చిన బండి. వీల్ కప్పులు తియ్యగానే ఇనుప రిమ్ముల మీద, నట్ల చుట్టూ తుప్పు కనిపిస్తుంది. పైకి కనిపించేదాన్ని పట్టించుకోనక్కర్లేదు. టైరు ఊడదీశాక, టైరు అంచు రిమ్ముని కరుచుకునే చోట చూడమనండి. అక్కడ తుప్పు పొరలుగా ఉంటే వైరు బ్రష్షుతో గీకి శుభ్రం చేశాకే కొత్త టైరు ఎక్కించాలి. లేకపోతే పంచరు లేకుండానే నాలుగు రోజులకోసారి గాలి దిగిపోతుంటుంది, ఎక్కడ పోతుందో ఎవరికీ దొరకదు. సముద్రం పక్క ఊళ్లో ఇది రోజూ చూసే సంగతే. రబ్బరు వాల్వులు కూడా తప్పకుండా మార్పించండి. వాటికీ ఎనిమిదేళ్లే. చవకైన వస్తువు, అది తెగితే ఖరీదైన టైరు పోతుంది.

గాలి ఎంత పెట్టాలో ఆ స్టికరు మీదే ఉంటుంది, బంకులో కుర్రాడి అలవాటు కాదు కొలత. పొద్దున్నే, బండి తిరగకముందు చూసుకోవాలి. నైట్రోజన్ కావాలా అంటారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే, ఆ డబ్బు మిగుల్చుకోండి. కొత్త టైర్ల మీద తయారీ అప్పటి నున్నటి పూత ఉంటుంది. మొదటి రెండు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి.

కంపెనీ సర్వీసు సెంటర్లో మీ బండి నంబరు చెప్పి పాత సర్వీసు వివరాలు కూడా అడగండి. ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లుందో అందులో ఉంటుంది. అది మీ మీటరుతో సరిపోతే మంచిదే. సరిపోకపోతే మెకానిక్‌కి చూపించాల్సిన జాబితా పెరుగుతుంది.

ఇక అరకు. దసరా నాటికి ముందు రెండూ కూడా ఇదే కంపెనీ, ఇదే రకం తీసుకుని వేస్తే తప్పకుండా వెళ్లండి. అప్పటికి కుదరకపోతే ఆ ఒక్కరోజుకీ టాక్సీ మాట్లాడుకోండి, లేదా విశాఖ నుంచి రైలు ఎక్కండి, పిల్లలకి ఆ సొరంగాలు ఎటూ నచ్చుతాయి. దసరా అంటే వానలు వెళ్లిపోయాయి కదా అనుకోకండి. మనకి హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న. ఘాట్ రోడ్డు మీద అక్టోబరులో తడి, రాలిన ఆకులు, మలుపుల్లో బురద మామూలే. స్టెప్నీని చూసి మోసపోకండి. తిరగకపోయినా దానికీ ఎనిమిదేళ్లే. పంచరైతే దగ్గర్లో షాపు దాకా మెల్లగా తీసుకెళ్లడానికి మాత్రమే అది. నాలుగూ కొత్తవి అయ్యాక, తీసిన ముందు టైర్లలో బాగున్నదాన్ని స్టెప్నీగా పెట్టుకోండి, వయసులో అదే చిన్నది. పాత టైర్లు వాళ్లే ఉంచేసుకుంటారు, ఆ ఒక్కటి మాత్రం అడిగి తెచ్చుకోండి.

ఆఖరుగా నట్ల సంగతి. కొన్నేళ్ల కిందట నేను ఊళ్లో ఒక షాపులో టైర్లు మార్పించి రెండో రోజే అరకు బయల్దేరాను. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కి, డముకు ఇంకాస్త దూరం ఉందనగా ఎడమ వెనక టైరుకి రాయి కోసుకుంది. చినుకులు. మా ఆవిడ గొడుగు పట్టింది, నేను పానా పెట్టి నట్టు తిప్పబోయాను. కదలదు. కాలు పెట్టి తొక్కాను. పానా వంగింది గానీ నట్టు కదల్లేదు. షాపులో కుర్రాడు నట్లు తిప్పే గాలి గన్నుతో బిగించాడు, ఆపకుండా చివరిదాకా. అంత బిగువు మనిషి చేతికి లొంగదు. అరగంటకి లారీ ఒకటి ఆగింది. క్లీనరు కుర్రాడు నాలుగడుగుల పైపు తెచ్చి పానాకి తొడిగాడు, ఇద్దరం కలిసి వేలాడితే మూడు నట్లు వచ్చాయి, నాలుగోదాని బోల్టు తెగి చేతిలోకొచ్చింది. తెగిన బోల్టుతోనే మెల్లగా వెనక్కి దిగాం. అరకు చూడలేదు.

అందుకని మీరు గన్నుతో చివరిదాకా బిగించనివ్వకండి. గన్నుతో దగ్గరికి చేర్చి, చివరి బిగువు, ఎంత బిగించామో కొలిచే టార్క్ పానాతో వెయ్యమనండి. చాలా షాపుల్లో అది ఉంటుంది, అడిగితేనే బయటికొస్తుంది. ఒక 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వెళ్లి నట్లు చూపించుకోండి. ఇంటికొచ్చాక, డిక్కీలో మీ బండితో వచ్చిన పానా తీసి, జాకీ ఎత్తకుండానే ప్రతి చక్రానికీ ఒక్కో నట్టు మీరే వదులు చేసి మళ్లీ బిగించి చూడండి. మీ చేతికి రాకపోతే మర్నాడే ఆ షాపుకి తిరిగి వెళ్లండి.